పైపు పట్టిన తొలిరోజులు – పది పాఠాలు

ఈమధ్య కుర్రకారు పైపుమీద మనసు పారేసుకుంటోంది. ఫోన్లో ఏవో బొమ్మలు చూసి, పాత సినిమాల్లో సిల్కు గౌను తొడుక్కున్న కోటీశ్వరుణ్ణి చూసి, "తాతగారూ, మీరు పైపు తాగేవారటగా, ఎలా ఉండేదండీ?" అని పక్కన చేరతారు. నాది గుంటూరు. పొగాకు కొనే కంపెనీలో గ్రేడింగు దగ్గర మొదలుపెట్టి కొనుగోళ్లదాకా చేసి రిటైరయ్యాను. పైపు పట్టింది 1970ల మొదట్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. మానేసి చాలాకాలమైంది. అయినా ఎవరైనా కదిపితే చాలు, గంటసేపు చెబుతాను. మానేసినదాని మీద ఇంత మమకారం ఎందుకు మిగిలిందని వెతుక్కుంటే తేలినవి ఈ పది మాటలు. పొగ తాగమని చెప్పే మాటలు కావివి. ఆ సంగతి తొమ్మిదోదాంట్లో తెలుస్తుంది. అసలు సంగతి పదోదాంట్లో ఉంది.

1. మోజు పొగమీద కాదు, మనిషిమీద

మా ఇళ్లలో పొగ కొత్త కాదు. మా తాత లంక పొగాకు చుట్ట కాల్చేవాడు. గోదావరి లంకల్లో పండే ఆ ఆకు ఘాటుకి, ఆయన వీధి మలుపు తిరిగాడంటే ఇంట్లోవాళ్లకి తెలిసిపోయేది. చుట్ట రైతుది, బీడీ కూలీది, సిగరెట్టు గుమాస్తాది. పైపు ఒక్కటే దొరలది. 1912లో ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీ మొదలై, మన నల్లరేగడి నేలల్లో వర్జీనియా పొగాకు పాదుకున్నాక, దాని వెంటే బంగళాలూ, క్లబ్బులూ, పైపులూ వచ్చాయి. తర్వాత తెల్లదొరలు పోయారు, వాళ్ల కుర్చీల్లో మనవాళ్లు కూర్చున్నారు. కుర్చీతోపాటు పైపూ సంక్రమించింది.

మా పై అధికారి అలాంటి పెద్దమనిషే. ఆకు కొస పట్టుకుని వెలుతురుకి ఎత్తి, పైపు పళ్ల మధ్యనుంచి తియ్యకుండానే "ఏమోయ్, ఇది ఏ గ్రేడంటావ్?" అనేవాడు. నేను నీళ్లు నమిలేలోపు తనే చెప్పేసి ముందుకి సాగేవాడు. ఆ చూపు, ఆ తెలివి రావాలంటే ఆ పైపు కూడా ఉండాలని నాలాంటి కుర్రాళ్లకి గట్టి నమ్మకం. పాతికేళ్ల వయసులో ముందు మనిషి నచ్చుతాడు, ఆ తర్వాత ఆయన చేతిలో ఉన్న వస్తువు నచ్చుతుంది. మీరు ఏ అలవాటు మొదలుపెట్టబోతున్నా, ఎవరిలా ఉండాలని దీన్ని పట్టుకుంటున్నానని ఒక్కసారి మిమ్మల్ని మీరు అడగండి. ఆ మనిషి దగ్గర నేర్చుకోవలసింది వేరే ఉందేమో కూడా చూడండి.

2. కొత్త పైపును తొందరపెట్టకూడదు

మంచి పైపు బ్రయర్‌తో చేస్తారు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న గుట్టలమీద పెరిగే పొద అది. కొమ్మ పనికిరాదు. వేరుకీ కాండానికీ మధ్య, నేలలో ఊరే బుడిపె కావాలి. దాన్ని తవ్వి తీసి, ముక్కలు కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడకబెట్టి పసరంతా దిగ్గొట్టి, నెలల తరబడి నీడన ఆరబెడతారు. అప్పుడు గానీ అది నిప్పుకి ఓర్చుకోదు. ఫ్రాన్సులో జూరా కొండల నడుమనున్న సెంట్ క్లోద్ పట్టణం తరతరాలుగా ఈ పనికే పేరుపడ్డది.

అంత చేసి పంపినా కొత్త పైపు కొత్త పైపే. మొదట్లో గిన్నె నిండా దట్టించకూడదు. కొన్నాళ్లు మూడోవంతు, మరికొన్నాళ్లు సగం, ఆ తర్వాతే నిండుగా. కాలిన పొగాకు మసి లోపలి గోడకి సన్నటి పొరగా పట్టాలి. కొత్త మట్టికుండను గంజితో మరిగించి పదును చేసినట్టే ఇదీ. ఆ పొరే తర్వాత కట్టెను కాపాడుతుంది. అలాగని మితిమీరి పేరుకోనివ్వకూడదు. మరీ మందమైతే వేడికి ఉబ్బి గిన్నెనే చీల్చేస్తుంది.

నిజం చెప్పాలంటే ఆ మొదటి రోజుల్లో రుచి ఏమీ లేదు. చేదు, చెమ్మ, వార్నీషు వాసన. అయినా రాత్రిళ్లు టార్చిలైటు వేసి గిన్నెలోకి చూసుకునేవాణ్ణి, మసి ఎంతమేర పట్టిందా అని. కొత్త ఉద్యోగంలో చేరినవాళ్లకీ, కొత్త కాపురం పెట్టినవాళ్లకీ నేను చెప్పే మాట ఇదే. మొదట్లో సగం గిన్నె చాలు.

3. దట్టించడంలో ఉంది పనితనం

పైపు మనుషులందరికీ తెలిసిన పాత సూత్రం ఒకటుంది. మొదటి చిటికెడు పసివాడి చేత్తో, రెండోది ఆడమనిషి చేత్తో, మూడోది మగవాడి చేత్తో నొక్కాలి. అంటే అడుగున వదులుగా, నడుమ కాస్త బిగువుగా, పైన గట్టిగా.

ఫ్లేక్ పొగాకు పలచటి బిళ్లల్లా వస్తుంది. ఒక బిళ్ల అరచేతిలో వేసుకుని, రెండో అరచేతి మొదలుతో నలపాలి. పోగులు విడిపోవాలి, పొడి కాకూడదు. మొదటి చిటికెడు గిన్నెలోకి రాల్చి పక్కన వేలితో తడితే తనే సర్దుకుంటుంది. రెండోది వేసి చూపుడువేలితో అదమాలి. మూడోది గోపురంలా పోసి బొటనవేలితో తిప్పుతూ దించాలి. వేలు తీసినప్పుడు పొగాకు రవ్వంత పైకి లేవాలి. వెలిగించకముందే ఒకసారి గాలి లాగి చూసుకోవాలి. బలవంతాన వస్తే బిగుసుకుంది, అడ్డే లేకుండా వస్తే వదులైంది.

చెబితే ఇంతే, చేతికి రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. మా అధికారి నా పైపు అందుకుని, ఒక్కసారి గాలి లాగి చూసి, మారు మాట్లాడకుండా అంతా గీకి కాగితం మీద పోసేవాడు. "మళ్లీ" అనేవాడు. తిట్టు లేదు, హితబోధ లేదు. నేర్పడం గురించి నాకు తెలిసిందంతా ఆ ఒక్క మాటే. తర్వాత గ్రేడింగుకి వచ్చిన కొత్త కుర్రాళ్ల దగ్గర నేనూ అదే వాడాను.

4. మొదటి నిప్పు ఆరిపోవడానికే

పుల్ల గీశాక తలకాయ మందు కాలిపోయేదాకా ఆగాలి. ఆగకపోతే మొదటి గుక్కలో గంధకం తప్ప ఏమీ తెలియదు. తర్వాత మంటను అంచుల వెంట గుండ్రంగా తిప్పుతూ లాగితే, పైన ఉన్న పొగాకు ఉబ్బి, మెలికలు తిరిగి లేస్తుంది. ఆ నిప్పును అలాగే ఆరనివ్వాలి. నల్లబడ్డ పైపొరను మెల్లగా అదిమి చదును చేసి, అప్పుడు రెండోసారి వెలిగించాలి. నిలిచేది ఆ రెండో నిప్పే.

మధ్యలో మళ్లీ ఆరితే నామోషీ ఏమీ లేదు. కొత్తలో మా అగ్గిపెట్టెలు ఇట్టే ఖాళీ అయ్యేవి. "వీళ్లు తాగేది పైపు కాదు, అగ్గిపుల్లలు" అని పాతకాపులు నవ్వేవాళ్లు. ఆరిన పనిని మళ్లీ వెలిగించుకోవడానికి సిగ్గుపడనివాడే చివరిదాకా వెళతాడు.

5. తీపి ఉన్నచోటే తొందర పనికిరాదు

పైపు పట్టిన ప్రతివాడికీ మొదట్లో నాలుక కాలుతుంది. ఎంతగా అంటే, చారన్నం కూడా చురుక్కుమంటుంది. అది ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, నాకు ఆకు ఆరబెట్టే బ్యారనే చెప్పింది.

వర్జీనియా ఆకును కోతకోతకీ కింది నుంచి విరిచి తెచ్చి, కర్రలకు కట్టి, బ్యారన్లో వరసలు వరసలుగా వేలాడదీస్తారు. గొట్టాల్లోంచి వేడి మాత్రమే లోపలికి వస్తుంది, పొగ ఆకుకి తగలదు. మొదట 35 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నిలిపి ఆకును పండిస్తారు. ఆకుపచ్చ విరిగి పసుపు తిరుగుతుంది. ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారేది అప్పుడే. తర్వాత వేడి పెంచుతూ ఆ రంగును నిలబెట్టి, ఆకును ఎండబెట్టి, చివరికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఈనె ఎండేదాకా ఉంచుతారు. అయిదారు రోజుల పని. రాత్రీ పగలూ మంట దగ్గర మనిషి ఉండాలి. తొందరపడి వేడి పెంచాడా, పచ్చదనం అలాగే ఉండిపోతుంది. ఏమరుపాటున ఆలస్యం చేశాడా, బ్రైట్ గ్రేడు రావలసిన ఆకు గోధుమరంగుకి దిగిపోతుంది. ఒక్క రాత్రి కునుకుకి ఏడాది ధర పోయిన రైతుల్ని చూశాను.

ఆకులో అలా నిలిచిన చక్కెరే వర్జీనియాకి తీపి. గాలికి ఆరబెట్టే బర్లీలో అది దాదాపు ఉండదు. ఆబగా లాగితే తీపి ఆకు మహా వేడిగా కాలి, ఆవిరి నేరుగా నాలుకమీదికి వస్తుంది. మందు ఒక్కటే, నెమ్మది. గిన్నెను చెంపకి ఆనిస్తే ఓర్చుకోగలిగినంత వేడి ఉండాలి. అంతకు మించితే పైపు పక్కన పెట్టాలి. డబ్బు కానివ్వండి, పేరు కానివ్వండి, బాగా తియ్యగా ఉన్నదాన్ని ఎప్పుడూ చిన్న గుక్కల్లోనే తీసుకోవాలని ఆ మంటే నేర్పింది.

6. దొరకని రోజుల్లోనే రుచి పెరుగుతుంది

ఆ రోజుల్లో విదేశీ సరుకు బజార్లో దొరికేది కాదు. విశాఖ రేవులో ఓడల మీద పనిచేసేవాళ్ల ద్వారా ఎప్పుడో ఒక డబ్బా చేతులు మారి గుంటూరు చేరేది. ఎరిన్‌మోర్ ఫ్లేక్ వచ్చిందంటే పండగ. అది బెల్‌ఫాస్ట్ సరుకు, పండ్ల వాసన. త్రీ నన్స్ వస్తే చిన్న నాణేల్లా గుండ్రటి బిళ్లలు. లటాకియా కలిసినదైతే డబ్బా మూత తియ్యగానే హోమం పొగ వాసన వచ్చేది. ఆ ఆకును మన బ్యారన్లకి పూర్తిగా విరుద్ధంగా, కట్టెల పొగలోనే ఆరబెడతారు. మొదట సిరియాలో, తర్వాత సైప్రస్‌లో. అమెరికాలో లూసియానా రైతులు చేసే పెరిక్ ఇంకో వింత. ఆకును పీపాల్లో అదిమిపెట్టి, దాని రసంలోనే దాన్ని నెలల తరబడి ఊరవేస్తారు. రోజూ పొగాకు మధ్య బతికే మాకు, ఒకే మొక్క ఇన్ని అవతారాలు ఎత్తుతుందని ఆ డబ్బాలు చూశాకే తెలిసింది.

డబ్బా అయిపోయాక మా సొంత ప్రయోగాలు. వర్జీనియాలో కొంచెం ఏజెన్సీ బర్లీ కలపడం, సన్నగా తరగడం, బెల్లం నీళ్లు చిలకరించి మూటగట్టడం. మే నెల ఎండకి అంతా గలగలలాడే పొడి అయ్యేది. సీసాలో యాపిల్ ముక్క వేసి మూత బిగిస్తే మర్నాటికి మెత్తబడేది, ముక్క తీయడం మరిచిపోతే బూజు పట్టేది. ఆ కలుపుళ్లలో చాలావరకు నోట పెట్టడానికి లేవు. అయినా వాటి గురించి మేం వాదించుకున్నంతగా ఏ విలువైన సరుకు గురించీ వాదించుకోలేదు. ఇవాళ ఏదైనా ఆర్డరు పెడితే ఇంటికొస్తోంది. వస్తువు దొరుకుతోంది గానీ, దాని గురించి నలుగురు కూర్చుని ఒక సాయంత్రం మాట్లాడుకోవడం అనేది దాంతోపాటు రావడం లేదు.

7. వాడుకున్నవాడే కడగాలి

తాగిన వెంటనే నోట పెట్టే కొస పీకకూడదు. వేడికి బిగుసుకున్న కట్టె చీలుతుంది. చల్లారాక తీసి, తడిని తుడిచి, కాడ రంధ్రంలో దూది చుట్టిన తీగ పోనివ్వాలి. అది దొరక్కపోతే కోడి ఈక ఉంది. ఈకకి కాస్త స్పిరిట్ తగిలించి ఇటునుంచి అటు లాగితే తారులాంటి మడ్డి వస్తుంది. బూడిద దులపడానికి గిన్నెను బల్లకేసి కొడితే కాడ విరుగుతుంది, అరచేతికే తట్టుకోవాలి. ఒకసారి తాగిన పైపుకి కనీసం ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి. అందుకే పైపు తాగేవాడికి ఒకటి చాలదు.

ఈ పని నౌకరుకి అప్పగించినవాళ్ల పైపులు ఏడాది తిరక్కుండా పుల్లటి కంపు కొట్టేవి. మా అధికారికి ఇంట్లో ముగ్గురు పనివాళ్లున్నా, పైపులు మాత్రం ఆదివారం పొద్దున తనే పేపరు పరుచుకుని తుడుచుకునేవాడు. మన చేతిలో ఎక్కువసేపు ఉండే వస్తువుని మనమే బాగుచేసుకోవాలన్న నియమం నాకు అక్కడే అబ్బింది. ఇప్పటికీ కళ్లజోడు, సైకిలు, చెప్పులు నావి నేనే చూసుకుంటాను.

8. పైపు తెలివికి గుర్తు కాదు, ఆగడానికి సాకు

ఐన్‌స్టీన్ పైపు తాగాడు, బెర్ట్రాండ్ రస్సెల్ తాగాడు. అందుచేత పైపు తాగితే బుర్ర పనిచేస్తుందని ఒక పుకారు. బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ జనం ముందు పైపుతో కనబడేవాడు, చాటున సిగార్ కాల్చేవాడని ఆయన్ని ఎరిగినవాళ్లే చెప్పారు. సామాన్యుడిలా, నింపాదిగా కనబడటానికి పైపు బాగా ఉపయోగపడింది.

దాని అసలు బలం నేను కొనుగోలు బల్ల దగ్గర చూశాను. వేలం పద్ధతి రాకముందు రైతు ఆకు తెచ్చి కంపెనీవాళ్ల ముందు పెట్టి నిలబడేవాడు. ధర అడిగితే బల్ల ఇవతలి పెద్దమనిషి జవాబు చెప్పేవాడు కాదు. పైపు తీసి చూసుకునేవాడు, నిప్పు అదిమేవాడు, మళ్లీ పుల్ల గీసేవాడు. ఈలోపు రైతు గుండె జారిపోయి, తనే ఒక మెట్టు దిగేవాడు. ఒక్క మాట లేకుండా ధర పడిపోయేది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడి, 1985లో మన రాష్ట్రంలో వేలం మొదలయ్యాక, నలుగురు కొనేవాళ్ల మధ్య ఆ మౌనం చెల్లలేదు.

జవాబుకి ముందు ఒక్క నిమిషం ఆగడం గొప్ప గుణమే. కోపమొచ్చినప్పుడు నన్నది చాలాసార్లు కాపాడింది. కాకపోతే ఆ నిమిషం ఎదుటివాడిని భయపెట్టడానికా, మనం ఆలోచించుకోవడానికా అన్నదే తేడా. ఆలోచించుకోవడానికైతే పైపు అక్కర్లేదు, మంచినీళ్ల గ్లాసు చాలు.

9. "మేం మింగం కదా" అన్న మాట చెల్లదు

సిగరెట్టువాళ్ల దగ్గర మా గొప్ప ఇదే. పొగ లోపలికి పీల్చం, నోట్లో తిప్పి వదిలేస్తాం, మాకేం కాదు అనేవాళ్లం. కానీ పైపు పొగ, చుట్ట పొగ క్షారగుణం కలవి. అందులోని నికోటిన్ ఊపిరితిత్తులదాకా వెళ్లనక్కర్లేదు, నోటి పొరలోంచే రక్తంలో కలుస్తుంది. మిగతా విషాలన్నీ పెదవి, నాలుక, గొంతు మీద పడతాయి. 1964లో వచ్చిన అమెరికా సర్జన్ జనరల్ నివేదికే పైపుకీ పెదవి క్యాన్సర్‌కీ సంబంధం తేల్చి చెప్పింది. అంటే మేం పైపు పట్టేనాటికే లోకానికి తెలిసిన సంగతి. అంతదూరం ఎందుకు? శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. వాళ్లకి అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి మన డాక్టర్లు 1950ల్లోనే రాశారు. వాళ్లూ మింగేవాళ్లు కారు.

రస్సెల్ కథ చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1948లో నార్వేలో ఆయనెక్కిన సముద్ర విమానం నీళ్లలో కూలింది, పొగ తాగేవాళ్ల భాగంలో కూర్చున్నందుకు బతికి బయటపడ్డాడు, 97 ఏళ్లు జీవించాడు. కథ నిజమే. ఆయన్ని కాపాడింది సీటు, పైపు కాదు.

నాకు దవడ లోపల తెల్లమచ్చ కనిపించినప్పుడు డాక్టరుగారు రెండే ముక్కలు చెప్పారు: "ఇవాళే మానెయ్యండి. మూడు నెలలకి రండి." మానేశాను. మచ్చ పోయింది. నాతో పాటు కూర్చుని పైపు తాగినవాళ్లలో అందరికీ ఆ అవకాశం రాలేదు.

10. నేర్చుకుంటున్నన్నాళ్లే ఆనందం, వచ్చేశాక అలవాటు

నాకు ఇప్పుడు గుర్తొచ్చేవన్నీ చూడండి. మసి పొర కోసం టార్చిలైటు, "మళ్లీ" అన్న మాట, ఖాళీ అయిన అగ్గిపెట్టెలు, పాడైన కలుపుళ్లు. అన్నీ చేతకాని రోజులవే. చేతనైన తర్వాత ఎన్నో ఏళ్లు తాగాను. వాటిలో ఒక్క సాయంత్రమూ విడిగా గుర్తులేదు. దట్టించడం వేళ్లకి వచ్చేసింది, మనసు చూడటం మానేసింది. లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే గిన్నె కాలి బూడిదయ్యేది. తాగానా లేదా అని బూడిద చూసి తెలుసుకోవలసి వచ్చేది. ఆ దశలో నేను తాగింది నికోటిన్, పైపు ఒక గొట్టం మాత్రమే.

కాబట్టి మాలాంటివాళ్లు పైపు రోజులు, పైపు రోజులు అని నిట్టూరిస్తే, అది పొగమీద బెంగ అనుకోకండి. ఏమీ రాకపోయినా సిగ్గుపడకుండా మళ్లీ మళ్లీ చేసిన వయసుమీద బెంగ అది. పక్కన కూర్చోబెట్టుకుని "మళ్లీ" అనే పెద్దమనిషి ఉన్న రోజులమీద బెంగ. దానికి పొగాకు అక్కర్లేదని ఈ మధ్య మరీ బాగా తెలిసింది. డెబ్బయ్యేళ్లు దాటాక మామిడికి అంటు కట్టడం మొదలుపెట్టాను. మొదటి కట్లు చాలా ఎండిపోయాయి. కత్తి వాలు ఎలా ఉండాలి, పసరు ఆరకముందే ఎలా కట్టాలి అని నర్సరీ కుర్రాడు చెబుతుంటే, పొద్దున్నే లేచి కొమ్మ చిగురేసిందా అని చూసుకోవడంలో అచ్చం అదే ఆత్రం.

పైపు కొందామని చూస్తున్న అబ్బాయిలకి నా మాట ఒక్కటే. పైపు వద్దు. మీకు నిజంగా నచ్చింది ఆ నెమ్మది, ఆ పనితనం, ఆ నలుగురి కూడిక. అవి వంటలో ఉన్నాయి, వీణలో ఉన్నాయి, వడ్రంగంలో ఉన్నాయి, తోటపనిలో ఉన్నాయి. ఏదో ఒకటి పట్టుకోండి, రాని దశలోనే కొంచెం ఎక్కువకాలం ఉండండి. నా వయసువాళ్లకి ఇంకో మాట. పాత పైపు కథలు చెప్పి పిల్లల్ని ఊరించడం మానేసి, మనకి చేతనైన పని ఏదైనా ఉంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుదాం. తప్పు చేస్తే తిట్టొద్దు. "మళ్లీ" అంటే చాలు.